మెగావాట్లు సరే, లైన్ల సంగతి?

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అదే ఏడాది సరిహద్దుకు అవతల, మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలోని కొన్ని ఊళ్లు తమను తెలంగాణలో కలపమని అడిగాయి. అందుకు చూపిన కారణాల్లో కరెంటూ ఒకటి. బాసర వైపు రైతు పగలు మోటరు వేసుకుంటుంటే, నాందేడ్ జిల్లా రైతుకు వంతుల ప్రకారం పగలైతే 8 గంటలు, రాత్రయితే 10 గంటలు. రాత్రి వంతంటే చీకట్లో, పాముల మధ్య మడి తిప్పడమే.

2023లో మహారాష్ట్ర తెచ్చిన ముఖ్యమంత్రి సౌర కృషి వాహిని 2.0 ఉద్దేశం ఈ రాత్రి వంతు తీసేయడం. 33 కేవీ కరెంటును 11 కేవీకి దించే సబ్‌స్టేషన్‌కు దగ్గర్లో సోలార్ ప్లాంటు పెట్టి, అక్కడి వ్యవసాయ ఫీడర్లకు, అంటే పొలాలకు వెళ్లే లైన్లకు, పగటి కరెంటు ఇస్తారు. ఆలోచనలో తప్పు లేదు. వానాకాలంలో సోలార్ ఏం పనికొస్తుందనే ఆక్షేపణ కూడా అంతగా నిలవదు. మబ్బులు కమ్మే జూలై, ఆగస్టుల్లో మోటర్లకు పని తక్కువ. శనగకు తడి కావలసిన రోజుల్లో ఆకాశం తేటగానే ఉంటుంది.

చిక్కంతా లైన్లలో ఉంది. గ్రిడ్ కరెంటు పోతే, ప్యానెళ్ల కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చేలా మార్చే ప్లాంటు ఇన్వర్టర్లూ ఆగిపోతాయి. ఆగిన లైనులోకి కరెంటు రాకుండా చూసి లైన్‌మన్ ప్రాణం కాపాడే ఏర్పాటు అది, దాన్ని తీసేయడానికి వీల్లేదు. కాబట్టి నెత్తిన ఎండ మండిపోతున్నా, 33 కేవీ లైను తెగిందంటే మోటర్లు ఆగాల్సిందే. సరఫరా తిరిగొచ్చాక కూడా వోల్టేజి, ఫ్రీక్వెన్సీ కుదురుకున్నాయని చూసుకుని, కొన్ని నిమిషాలకు గానీ ఇన్వర్టర్ కలవదు. ఆలోపే, కరెంటు రాగానే మోటరును దానంతట అదే నడిపించే ఆటోస్టార్టర్లున్న మోటర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కో మోటరు మామూలు కంటే ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. ఫీడర్ మళ్లీ ట్రిప్పవుతుంది, ఇన్వర్టర్ మళ్లీ మొదటికొస్తుంది. తెలంగాణలో భూగర్భ జలం వృథా కాకూడదని 24 గంటల సరఫరాకు ముందే ఆటోస్టార్టర్లు తీయించే పని పెట్టుకున్నారు. ఇక్కడ ఫీడర్ నిలబడడానికే ఆ పని కావాలి, అదీ ప్లాంటు మొదలవ్వక ముందే.

లెక్క చూస్తే, 5 హెచ్‌పీ మోటరు సుమారు 4.5 కిలోవాట్లు తీసుకుంటుంది. మిట్టమధ్యాహ్నం 1 మెగావాట్ దాదాపు 200 మోటర్లను నడుపుతుంది, కాగితం మీద. పొద్దున తొమ్మిదింటికి అందులో సగం రావడమూ కష్టమే. తరుగు పడింది 33 కేవీ లైను నుంచే రావాలి.

ఇక ఫీడర్ చివర. ప్లాంటు సబ్‌స్టేషన్ దగ్గర వోల్టేజిని నిలబెడుతుంది గానీ, కిలోమీటర్ల దూరాన ఉన్న ఆఖరి డీపీకి, అంటే మోటర్లకు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌కు, చేరేసరికి పాత సన్న తీగలోనే అది కారిపోతుంది. 415 వోల్టులు ఉండాల్సిన చోట 350 ఉంటే మోటరు ఎక్కువ ఆంపియర్లు లాగి వైండింగ్ కాల్చుకుంటుంది. తీగ మార్చాలి, డీపీలు పెంచాలి. అన్నిటికన్నా చౌకైన మందు స్టార్టర్ దగ్గర కెపాసిటర్, అంటే మోటరు లైను నుంచి లాగే ఆంపియర్లను తగ్గించే చిన్న పరికరం. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ సైజుది చాలు. ఎవరూ పెట్టించుకోరన్నది వేరే మాట.

ప్లాంటు కట్టేవాళ్లకు ఇక్కడి నల్లరేగడి మరో పరీక్ష. వానకు ఉబ్బి, ఎండకు బారెడు పగుళ్లిచ్చే నేలలో పైపైన పాతిన స్తంభాలు రెండు మూడేళ్లలో పక్కకు వాలతాయి, ప్యానెళ్ల అద్దం మీద ఒత్తిడి పడి చిట్లుతుంది. ఉబ్బే పొరను దాటి లోతుకు దించాలి. గాయ్‌రాన్ భూముల్లో, అంటే ఊరి ఉమ్మడి మేత భూముల్లో, కడితే పశువుల దారి, మేత ఎటు పోతాయో గ్రామసభలో ముందే తేల్చుకోవాలి. కంచె వేశాక మొదలయ్యే గొడవ పనిని నెలల తరబడి ఆపేస్తుంది.

డబ్బు లేదనడానికీ లేదు. 2024 ఏప్రిల్ నుంచి 7.5 హెచ్‌పీ దాకా వ్యవసాయ మోటర్లకు బిల్లు మహారాష్ట్ర ప్రభుత్వమే కడుతోంది. అది 2029 మార్చి వరకు. సోలార్‌తో యూనిట్ ఖర్చు తగ్గితే ఆ మిగులు ముందుగా ప్రభుత్వానిదే. అందులోంచి లైన్లకు వాటా రాయించుకోవాల్సింది అక్కడి కరెంటు పంపిణీ సంస్థ మహావితరణ్. ఎన్ని మెగావాట్లు పెట్టామన్న ప్రకటనలతో పాటు, ప్రతి వ్యవసాయ ఫీడర్‌లో ఆఖరి డీపీకి మీటరు బిగించి, పగలు ఎన్ని గంటలు, ఎంత వోల్టేజితో కరెంటు వచ్చిందో నెలనెలా సబ్‌స్టేషన్ గోడ మీద రాయాలి.