ఎక్స్‌పార్టే ఉత్తర్వు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎక్స్‌పార్టే ఉత్తర్వు గారికి నమస్కరించి వ్రాయునది.

ఫలానావాడి చేతిలో తుపాకీ ప్రమాదమని ఎవరైనా అర్జీ పెడితే, అతని మాట వినకముందే ఆయుధం లాక్కోమనే తమరు అమెరికాలో క్షేమమని తలుస్తాము. క్షేమం కాక ఏమవుతుంది లెండి, తమరు పుట్టే వేళకు కాదనేవాడు కోర్టు గదిలోనే ఉండడు కదా! ముప్పు తెచ్చేలా ఉన్నవారి తుపాకులు కొంతకాలం తీసేసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టాలు 1999లో కనెక్టికట్‌లో మొదలయ్యాయి, ఆ వంశంలో చురుకైనవారు తమరే.

తొందరెందుకని అడగం. భార్యను కాల్చేస్తానన్నవాడికి రెండు వారాల ముందు నోటీసు పంపితే అది నోటీసు కాదు, ముహూర్తం పెట్టడమే. పార్క్‌లాండ్ స్కూల్లో కాల్పులకు 17 మంది పోయాక 2018లో ఫ్లోరిడా తమరిని తెచ్చుకున్నది అందుకే. అక్కడ పిటిషన్ వేసేది పోలీసులే, 14 రోజుల్లో విచారణ, స్పష్టమైన నమ్మదగిన సాక్ష్యం ఉంటేనే తుది ఉత్తర్వు, అదీ గరిష్ఠంగా 12 నెలలు. కాగితం మీద ముచ్చటగానే ఉంది.

పేచీ ఆ తర్వాతే. గడువు తీరకముందే ఉత్తర్వు ఎత్తేయమని ఆ ఫ్లోరిడాలోనే ప్రతివాది ఒక్కసారి అడగవచ్చు. అప్పుడు రుజువు భారం అతని నెత్తికెక్కుతుంది: తనవల్ల ముప్పు లేదని తనే తేల్చాలి. లేనిదాన్ని లేదని ఏ సాక్షి చేత చెప్పిస్తాడు? కాలిఫోర్నియాలో మీ తాత్కాలిక రూపానికి 21 రోజులు, తుది రూపానికి అయిదేళ్ల దాకా ఆయుష్షు.

పైగా తమరు క్రిమినల్ కాదు, సివిల్ మనుషులు, అంటే ఖర్చు లేకుండా వకీలు రాడు. (కొలరాడోది పెద్ద మనసు, ప్రభుత్వ ఖర్చుతో పెడుతుంది.) 2022 నాటి అమెరికా కేంద్ర చట్టం ఈ రెడ్ ఫ్లాగ్ కార్యక్రమాలకు నిధులిస్తూ ప్రతివాదికి వకీలు హక్కు ఉండాలంది, ప్రభుత్వానికి ఖర్చు లేకుండా అని కూడా కలిపింది. భోజనానికి రమ్మని, విస్తరీ బియ్యమూ వెంట తెచ్చుకోమన్నట్టు. వకీలు లేనివాడు విచారణలో నోరు విప్పితే ఆ మాటే రేపు క్రిమినల్ కేసులో సాక్ష్యం కావచ్చు. విప్పకపోతే గదిలో పోలీసు అఫిడవిట్ ఒక్కటే మాట్లాడుతుంది.

మన జిల్లా కలెక్టరు తుపాకీ లైసెన్సు రద్దు చేస్తే ఇంత గోల ఉండదు. ఇక్కడ అది అనుమతి. అక్కడ రాజ్యాంగం రెండో సవరణ ఇచ్చిన హక్కు, దాన్ని లాక్కోవాలంటే పద్నాలుగో సవరణ అడ్డు నిలిచి ‘డ్యూ ప్రాసెస్ (న్యాయమైన విచారణ పద్ధతి) ఏదీ?’ అంటుంది. 2024లో రహిమీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, గృహహింస రక్షణ ఉత్తర్వు ఉన్నవాడు తుపాకీ ఉంచుకోకూడదన్న నిషేధాన్ని 8–1తో నిలబెట్టిందని తమరు మురిసిపోకండి. ఆ చట్టం కింద నిషేధం పడాలంటే ముందు నోటీసు, మాట్లాడే అవకాశం దక్కి ఉండాలి. తమరికి లేనివి అవే.

తప్పుడు పిటిషన్ల భయమూ ఉంది. 2020లో కొలరాడోలో ఒకామె, తన కొడుకును కాల్చి చంపిన పోలీసు మీద పిటిషన్ వేస్తూ, ఆ అర్హత కోసం అతనితో తనకు బిడ్డ ఉందని ప్రమాణం చేసింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనలేదు ఆ జడ్జి, పిటిషన్ కొట్టేశారు. తప్పుడు ప్రమాణం కేసు ఆమె మీదే పడింది. కాబట్టి తమరి మీద వచ్చే నిందలన్నీ నిజమని మేమూ అనం.

కానీ తమరిని తలుపు దాకా మోసుకెళ్లే తీరు? 2018 నవంబరులో మేరీలాండ్‌లో తెల్లవారుజామున అయిదు దాటగానే పోలీసులు తలుపు కొట్టారు. ఇంటాయన తుపాకీతోనే తీశాడు. పెనుగులాటలో అది పేలింది, పోలీసులు కాల్చారు, ఆయన పోయాడు. అక్కడ ఆ చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి నెల పైచిలుకే. చీకట్లో ఆ వేళప్పుడు తలుపు దబదబా బాదితే తుపాకీ ఉన్నవాడు దేనితో తెరుస్తాడో ఊహించడానికి అఫిడవిట్ అక్కర్లేదు.

మా కోరికలు చిన్నవే. వకీలును పెట్టండి. రుజువు భారం ఉత్తర్వు కోరినవాడి మీదే ఉంచండి. గడువు తీరిన రోజున, ప్రతివాది మళ్లీ అర్జీ పెట్టుకునే పని లేకుండా, నేర చరిత్ర సరిచూసి ఆయుధం తిరిగి ఇచ్చేయండి.

ఇట్లు,
తమరి ప్రతివాదులు

తా.క.: ఈ లేఖ తమరి వాదన వినకుండానే రాశాం. అభ్యంతరముంటే 14 రోజుల్లో తెలపవచ్చు, ఈలోగా మా అభిప్రాయం అమల్లో ఉంటుంది.