పచ్చసొన మీద ఈ పగ ఏటండీ?

నాలుగు గుడ్లు ఉడకబెట్టడం, పచ్చసొనలు నాలుగూ పారెయ్యడం, తెల్లసొన మాత్రం తినడం. జిమ్ కుర్రాళ్ళ నుంచి బీపీ మాత్రలు మింగే పెద్దాయన దాకా ఇదే ఆరోగ్యం అనుకుంటున్నారు. సాయంత్రం అయ్యేసరికి అదే చేత్తో నూనె కారే బజ్జీలు. కొలెస్ట్రాల్ భయం అప్పుడెక్కడికి పోతాదో!

50 గ్రాముల గుడ్డులో ప్రొటీన్ సుమారు 6 గ్రాములు. అందులో రెండున్నర గ్రాములకు పైగా పచ్చసొనలోనే ఉంటుంది. ఏ, డి విటమిన్లు, మెదడుకి కావాల్సిన కోలిన్ దాదాపు మొత్తం అందులోనే. కొలెస్ట్రాల్ 180 మిల్లీగ్రాములకు కాస్త అటూఇటూ, నిజమే. కానీ ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం కాలేయమే తయారుచేసుకుంటుంది. చెడ్డ కొలెస్ట్రాల్‌ని గట్టిగా పెంచేది నెయ్యి, వెన్నల్లో ఎక్కువుండే సంతృప్త కొవ్వు, అది గుడ్డులో ఒకటిన్నర గ్రాములే. తిండిలో కొలెస్ట్రాల్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటొద్దన్న అంకెని అమెరికావాళ్ళు 2015 ఆహార సూచనల్లో తీసేశారు. అలాగని ఆరేసి లాగించమని కాదు. జబ్బు లేని మనిషికి రోజూ ఒక గుడ్డు, సొనతో సహా, ఇబ్బంది లేదు. షుగరో గుండెజబ్బో ఉన్నా, ఎల్‌డీఎల్ (అదే, చెడ్డ కొలెస్ట్రాల్) ఎక్కువున్నా డాక్టరుని అడిగి లెక్క పెట్టుకోండి.

సొన నిజంగా వదలాల్సిన వాళ్ళు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నారు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ రోగులు. అక్కడ జరిగేదేటంటే, జబ్బు బయటపడగానే గుడ్డు, పప్పు, చేప అన్నీ మాన్పించేసి వట్టి అన్నం, చారు పెడతారు. డయాలసిస్ మొదలయ్యాక కూడా అదే పత్యం! మనిషి ఎముకల గూడు అయిపోతాడు. డయాలసిస్‌కి ముందు కిలో బరువుకి 0.6 నుంచి 0.8 గ్రాముల ప్రొటీన్ చాలు. 50 కిలోల మనిషికి 30 నుంచి 40. డయాలసిస్‌లో ప్రొటీన్ కొంత బయటికి పోతుంది కాబట్టి మొదలయ్యాక 1 నుంచి 1.2 గ్రాములు, అంటే 50 నుంచి 60 కావాలి. 300 గ్రాముల బియ్యం వండితే అందులోనే 20 గ్రాములు వచ్చేస్తుంది, అది ఎవరూ లెక్కెయ్యరు. మిగతాదానికి తెల్లసొన మంచి దారి: ఒక్కోదానిలో మూడున్నర గ్రాముల ప్రొటీన్, ఫాస్ఫరస్ 5 మిల్లీగ్రాములే. సొనలో అది 65 దాకా ఉంటుంది. కిడ్నీ పాడైతే ఫాస్ఫరస్ బయటికి పోక రక్తంలో పేరుకుని ఎముకల్ని గుల్ల చేస్తుంది. ఎన్ని తినాలన్నది మాత్రం రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు చెప్పాలి, పక్కింటివాళ్ళు కాదు.

ఇంక వండే తీరు. టీస్పూను నూనె 45 కేలరీలు. గుడ్డు 70. మూడు టీస్పూన్లు పోసి అట్టు వేస్తే గుడ్డు కంటే నూనే ఎక్కువ తిన్నట్టు. పెనం కాగకుండా గుడ్డు పోస్తే అంటుకుంటుంది, అంటుకుందని మళ్ళీ గరిటెడు నూనె. ముందు పెనం కాగనిచ్చి, ఒక్క టీస్పూను నూనె రాసి, గుడ్డు పోశాక మంట తగ్గించి మూత పెడితే అదే ఊడొస్తుంది.

ఉడకబెట్టడానికి మరిగే నీళ్ళలో పదకొండు నిమిషాలు, వెంటనే చల్లనీళ్ళలోకి. అరగంట మరిగిస్తే సొన చుట్టూ ఆకుపచ్చ ఉంగరం కడుతుంది. సొనలో ఇనుము, తెల్లదానిలో గంధకం కలిసి చేసే పని, ప్రమాదం లేదు, రుచే పోతుంది. మరీ తాజా గుడ్డుకి పెంకు సరిగా ఊడదు, నాలుగైదు రోజులు ఆగినది హాయిగా వస్తుంది.

నాటుగుడ్డు సొన రంగు చూసి రెట్టింపు ధర పెట్టకండి, ఆ రంగు మేతది. ఎండాకాలం గుడ్డు వేడి చేస్తుందని మానేస్తారు గానీ, ఒలిచిన గుడ్డు ఆ ఎండలో మధ్యాహ్నం దాకా డబ్బాలో ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఆ ఎండలో గంట దాటితే తినకండి. చిట్లిన గుడ్డు సగం ధరకిచ్చినా వద్దు.

పచ్చిగుడ్డు పాలలో కొట్టి తాగే వస్తాదులకు ఒక మాట: పచ్చిగా తాగితే ప్రొటీన్‌లో సగమే వంటబడుతుంది, ఉడికిస్తే తొంభై శాతం. పైగా వాంతులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి ఉచితం.