బ్రిటన్ యువతను పాడుచేసింది ఆ నలుగురేనా?

పంక్ అనే తిరుగుబాటు ధోరణి రాక్ సంగీతం వాయించిన బ్రిటిష్ బృందం సెక్స్ పిస్టల్స్ గురించిన ఒక సందేశం కొంతకాలంగా నేనున్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతోంది. ఒకరు పంపిన దాన్ని మరొకరు, ఆ మరొకరు పంపిన దాన్ని మళ్ళీ మొదటివారే పంపుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: 1976లో నలుగురు ఆకతాయిలు టీవీలో బూతులు మాట్లాడి దేశంలోని పిల్లలందరినీ చెడగొట్టారట, వాళ్ళకు వాయించడమే రాదట, ప్రభుత్వం వాళ్ళను నిషేధించిందట, చివరికి అందరూ మాదకద్రవ్యాలకు బలైపోయారట, అన్నిటికీ మించి, ‘భవిష్యత్తు లేదు’ అని పాడి ఒక తరం యువతను సోమరులుగా, నిరుద్యోగులుగా తయారుచేశారట. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను కానీ, చదువుకున్న మిత్రులు కూడా దీనికి చేతులు జోడించిన బొమ్మలు పెడుతుంటే ఇక ఊరుకోవడం సాధ్యం కావడం లేదు.

ముందు టీవీ సంగతి. 1976 డిసెంబర్ 1 నాటి ఆ కార్యక్రమం థేమ్స్ టెలివిజన్ పరిధిలో, అంటే లండన్ ప్రాంతంలో మాత్రమే ప్రసారమయింది కాబట్టి, దేశంలోని పిల్లలందరూ దాన్ని వినే అవకాశమే లేదు. రావలసిన క్వీన్ బృందం రాలేకపోతే చివరి నిమిషంలో వీళ్ళను పిలిచారు. ఇంకా కొన్ని సెకన్లున్నాయి, ఏదైనా దారుణమైన మాట అనండి చూద్దాం అని కవ్వించినవాడు వ్యాఖ్యాత బిల్ గ్రండీ; ఆ కోరిక తీర్చినవాడు గిటారిస్టు స్టీవ్ జోన్స్. గ్రండీని సంస్థ రెండు వారాల పాటు పక్కన పెట్టింది. లండన్‌లో అన్న మాటలను దేశమంతటికీ చేరవేసిన ఘనత మర్నాటి పత్రికలది. తన ఎనిమిదేళ్ళ కొడుకు చెవిన ఆ మాటలు పడకూడదని ఒక లారీ డ్రైవరు టీవీ తెరను కాలితో తన్ని పగలగొట్టాడని కూడా అవే పత్రికలు రాశాయి. టీవీకి ఆపే మీట ఒకటి ఉంటుందన్న సంగతి ఆ కోపంలో ఆయనకు తోచి ఉండదు. ఆ సాయంత్రం పిల్లవాడు హింస అంటే ఏమిటో నేర్చుకుని ఉంటే, అది జోన్స్ నోటి నుంచి నేర్చుకున్నాడా, తండ్రి కాలి నుంచి నేర్చుకున్నాడా అన్నది మన సందేశకర్త తేల్చలేదు.

వాయించడం రాదన్న మాట, గ్లెన్ మ్యాట్లాక్ స్థానంలో తర్వాత చేరిన బాస్ గిటారిస్టు సిడ్ విషస్ వరకు నిజమే. అందుకే 1977 నాటి ఆల్బంలో బాస్ చాలావరకు జోన్స్ వాయించాడు. ఆ ఆల్బంలో జోన్స్ గిటారును, పాల్ కుక్ డ్రమ్స్‌ను విన్న తర్వాత కూడా వాళ్ళకు వాయించడం రాదనేవారితో నాకు వాదం లేదు. నిషేధం మాటా అంతే. ‘భవిష్యత్తు లేదు’ అన్న మాటలున్న ‘గాడ్ సేవ్ ద క్వీన్’ పాటను వేయబోమన్నది బీబీసీ. కచేరీలను రద్దు చేసినవి ఎక్కడికక్కడ స్థానిక మండళ్ళు. బూతు మాట ఉన్న ఆల్బం పేరును దుకాణం అద్దంలో ప్రదర్శించినందుకు నాటింగ్‌హామ్‌లో అసభ్య ప్రకటనలపై 1889 నాటి చట్టం కింద కేసు పెడితే కోర్టులో అది నిలబడలేదు. వేల్స్‌లోని కెర్ఫిలీలో కచేరీ జరుగుతుండగా హాలు బయట జనం నిరసనగా గుమికూడి క్రిస్మస్ కీర్తనలు పాడారు. ఇన్ని కలిపినా ప్రభుత్వ నిషేధం కాదు.

‘అందరూ బలైపోయారు’ అన్న వాక్యంలో అందరూ అంటే ఒక్కడు. సిడ్ 1979 ఫిబ్రవరి 2న న్యూయార్క్‌లో హెరాయిన్ మోతాదు మించి చనిపోయాడు. అప్పటికి అతని వయసు 21 ఏళ్ళు. ఆ చావును వీరమరణంలా బొమ్మలు వేసి చొక్కాల మీద అమ్ముకున్నవారి మీద నాకు ఏ గౌరవమూ లేదు. జోన్స్ కూడా ఆ ఊబిలో దిగి, బయటపడ్డాడు. జోన్స్, కుక్, గ్లెన్ మ్యాట్లాక్ 2024లో కూడా వేదిక ఎక్కారు. గాయకుడు జాన్ లైడన్ 2008లో వెన్న ప్రకటనలో నటించాడు. చనిపోయినవారు వెన్న అమ్మరని నా అభిప్రాయం.

ఇక అసలైన మాటకు, అంటే యువతను సోమరులను చేశారన్న నిందకు వస్తాను, ఎందుకంటే మిగతావి అజ్ఞానం అనుకుని వదిలేయవచ్చు గాని ఇది అన్యాయం. ‘భవిష్యత్తు లేదు’ అన్న ఆ పాట విడుదలైనది 1977 మే 27న. బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 1975లోనే పది లక్షలు దాటింది. ఆ ఏడాది ద్రవ్యోల్బణం ఒక దశలో 24 శాతాన్ని మించింది. 1976లో ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచి 390 కోట్ల డాలర్ల అప్పు అడిగి, దానికి బదులుగా ప్రభుత్వ ఖర్చులు తగ్గించుకోవడానికి ఒప్పుకుంది. పదహారేళ్ళకు బడి వదిలినవాళ్ళు ఉద్యోగానికి కాకుండా నేరుగా నిరుద్యోగ భృతి వరుసలోకి వెళ్ళడం అప్పటికే మొదలైంది. ఇంకా పుట్టని పాట ఈ ఉద్యోగాలన్నిటినీ ఎలా మింగిందో చెప్పే ఆర్థికశాస్త్రం నేను చదవలేదు. రాణి సింహాసనమెక్కి పాతికేళ్ళయిన రజతోత్సవం పేరిట వీధివీధినా జెండాలు కడుతున్న వేళ, మాకేమిటి దక్కేది అని అడిగిన పాట అది. బీబీసీ వేయకపోయినా అమ్మకాల అధికారిక జాబితాలో రెండో స్థానానికి చేరింది. ఉద్యోగాలు పోగొట్టినవారిని వదిలి, పోయాయని అరిచినవారిని దోషులను చేయడం వల్ల ఎవరికి సుఖమో ఆలోచిస్తే, ఈ సందేశం ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎందుకు బతికి ఉందో అర్థమవుతుంది. కోపంగా మాట్లాడే ప్రతి కుర్రవాడినీ సోమరి అని కొట్టిపారేయడానికి పెద్దలకు ఇది చక్కగా పనికొస్తుంది.

సోమరులు ఏం చేశారో కూడా చూద్దాం. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లో హోవర్డ్ డివోటో, పీట్ షెల్లీ అనే ఇద్దరు యువకులు పూనుకుని ఈ బృందం కచేరీ పెట్టించారు. పట్టుమని వందమంది కూడా రాలేదు. అది చూసి వెళ్ళిన పీటర్ హుక్ మర్నాడే బాస్ గిటారు కొన్నాడు, ఆ తర్వాత అతని బృందం జాయ్ డివిజన్ వచ్చింది. డివోటో, షెల్లీల బజ్‌కాక్స్ బృందం ఏ కంపెనీ గుమ్మమూ ఎక్కకుండా, సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చి, నాలుగు పాటలు రికార్డు చేసి, 1977 జనవరిలో సొంత లేబుల్ మీద తెచ్చింది. మొదట వేసినవి 1,000 ప్రతులు. చివరికి అమ్ముడైనవి 16,000 దాకా. మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా 1976 జులైలో తన టైపు మిషను మీద ఒక పత్రిక మొదలుపెడితే, దాన్ని చూసి ఊరూరా అలాంటివి పుట్టుకొచ్చాయి. అప్పటిదాకా రాక్ వేదిక మీద అమ్మాయిలకు పాడే చోటు తప్ప వాయించే చోటు దాదాపు లేదు. స్లిట్స్ బృందంలోని అమ్మాయిలు నేర్చుకోవడం పూర్తికాకముందే వేదిక ఎక్కారు. సెక్స్ పిస్టల్స్ నుంచి ఆ తరం తీసుకున్నది బూతులు కాదు, ఎవరి అనుమతీ అడగనక్కరలేదన్న ధైర్యం. ఇదే సోమరితనమైతే నాకు తెలిసిన కష్టజీవులకు కూడా కొంచెం పంచిపెట్టవలసినదే.

అయితే సందేశం రాసినవారికి తట్టని ఒక నేరాన్ని నేనే గుర్తుచేస్తాను. సిడ్ నాజీ స్వస్తిక గుర్తున్న చొక్కాలు వేసుకుని తిరిగాడు. బృందం మేనేజరు మాల్కం మెక్‌లారెన్, ఫ్యాషన్ డిజైనరు వివియన్ వెస్ట్‌వుడ్ లండన్ కింగ్స్ రోడ్డులోని తమ దుకాణంలో ఆ గుర్తుతోనే చొక్కాలు అమ్మారు. పెద్దవాళ్ళను ఉలిక్కిపడేట్టు చేయడానికే అన్న సమర్థన నేను చాలాసార్లు చదివాను, ఒక్కసారీ ఒప్పుకోలేకపోయాను. వలసదారులను వ్యతిరేకించే నేషనల్ ఫ్రంట్ పార్టీ వీధుల్లో ఊరేగుతున్న రోజుల్లో, వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఆ గుర్తు ఫ్యాషనుగా కనిపించి ఉండదు. ఇక్కడ ఆ బృందాన్ని ఎంత తిట్టినా నేను అడ్డురాను. అయితే పంక్ యువత అంతా ఆ దారిన పోలేదు. 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్ వేదిక మీద వలసదారులకు వ్యతిరేకంగా మాట్లాడి, వలసలను వ్యతిరేకించిన రాజకీయ నాయకుడు ఈనక్ పావెల్‌ను సమర్థించినవాడు పెద్దలు మెచ్చే గిటారు విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్. దానికి జవాబుగా పుట్టిన జాతివివక్ష వ్యతిరేక ఉద్యమం రాక్ ఎగైన్స్ట్ రేసిజం పిలిస్తే 1978 ఏప్రిల్ 30న లండన్‌లోని విక్టోరియా పార్కులో వేల సంఖ్యలో చేరినవారిలో చాలామంది, మన సందేశం ప్రకారం ఏడాది కిందటే పూర్తిగా చెడిపోయి ఉండవలసిన పిల్లలు.