కట్ట విప్పని లెక్కలు

ప్రాథమిక తరగతిలో కృత్యం, అంటే పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే పని, జరిగిందనడానికి ఇప్పుడు ఫొటోయే రుజువు. పర్యవేక్షకులకు పంపితే జరిగినట్టు, పంపకపోతే జరగనట్టు. పిల్లలు ఏం నేర్చుకున్నారని అడిగే నాథుడు లేడు. చేతులతో చేసి నేర్చుకోవాలని వేదికలెక్కి చెప్పేవారే ఆ చిన్న చేతులను ఫొటోల కోసం నిలబెట్టడం మాకు మింగుడుపడటం లేదు.

ఆ ఫొటోలు ఎలా తయారవుతాయో తరగతి గది తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. రెండో తరగతి, తీసివేత లెక్క. బల్ల మీద పదేసి పుల్లల కట్టలు, వాటికి రబ్బరు బ్యాండ్లు. కట్టింది పిల్లలు కాదు, ముందురోజు సాయంత్రం టీచరే. ముందు వరసలో చురుకైన నలుగురు, తలా ఒక కట్ట. ఫొటో అయిపోయింది. కట్టలు మళ్లీ బీరువాలోకి.

అసలు పాఠమంతా ఆ కట్ట విప్పడంలోనే ఉంది. 32లో నుంచి 17 తీసేయాలి. ఎదురుగా మూడు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు తీయమంటే విడిగా ఉన్నవి రెండే. పిల్ల ఆగుతుంది. పక్కవాడి పుల్లల వైపు చూస్తుంది. కట్టను అటూ ఇటూ తిప్పి, "విప్పొచ్చా టీచర్?" అంటుంది. బ్యాండు తీయగానే విడి పుల్లలు పన్నెండవుతాయి. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో ఆ పిల్లకు ఇక ఎవరూ వివరించనక్కర్లేదు. దీనికి పావుగంట పట్టవచ్చు, సగం పుల్లలు బల్ల కిందకు దొర్లవచ్చు. ఫొటోకు పనికొచ్చే దృశ్యం ఇందులో ఒక్కటీ లేదు.

ఆ ఆగడానికి ఎంత విలువుందో అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని ఆమె గమనించారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడనివారు నోరు విప్పారు. మూడు సెకన్ల మౌనాన్ని ఏ కెమెరా పట్టుకుంటుంది? ఫొటోలో అది పని లేకుండా నిలబడ్డ టీచరులా కనిపిస్తుంది.

మిగతావాటి సంగతీ ఇంతే. గింజ మొలకెత్తే దాకా పిల్లలు రోజూ తొంగిచూడాలి, ఫొటోకు మాత్రం ఇంటి నుంచి తెచ్చిన మొలక చాలు. అక్షరాల కార్డులు నలగనే నలగవు. పెద్దవారు ముందు గమనించడం నేర్చుకోవాలని ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి చెప్పి వందేళ్లు దాటింది. ఫోను పట్టుకోవడమే గమనించడమని ఆమె చెప్పలేదు.

ఫొటోలు లేకపోతే జవాబుదారీతనం ఎలాగని పర్యవేక్షకులు అంటారు, తల్లిదండ్రులూ సంతోషిస్తారట. కావచ్చు. అయితే జవాబు చెప్పాల్సింది ఎవరికి, పిల్లలకా, ఫైలుకా? అన్నీ సక్రమంగా సాగుతున్నాయని ఫొటోలు చెబుతుంటే, తీసివేత రాని పిల్లను పట్టించుకునేవారెవరు? పైగా ఇది ఇక్కడితో ఆగదు. ఈరోజు కట్ట పట్టుకుంటే లెక్క వచ్చినట్టయితే, రేపు పుస్తకం పట్టుకుంటే చదువు వచ్చినట్టే రాసుకుంటారు. ఫొటో ఉంది గనుక జరిగిందనే అలవాటు ఒకసారి పాతుకుపోతే పెరికేయడం ఎవరి తరమూ కాదు. అది కళ్లముందే పాతుకుపోతోంది. టీచర్లను తప్పుపట్టి లాభం లేదు. అడిగినదే వారు ఇస్తున్నారు. అడుగుతున్నవారిదే తప్పు.

పర్యవేక్షకులు ఈసారి బడికి వెళ్లినప్పుడు ఫొటోల ఫైలు తెరవకండి. వెనక వరసలోని ఒక పిల్లను పిలిచి, మూడు కట్టలూ రెండు పుల్లలూ ఇచ్చి, పదిహేడు తీసేయమనండి. బ్యాండు మీద చేయి పడే దాకా నోరు మూసుకుని కూర్చోండి. ఆపాటి ఓపిక లేనివారికి తరగతి గదిలో పనేమిటి?