ఎడమ స్పీకరు

విజయనగరంలో అయ్యకోనేరు గట్టు దగ్గర మా పెదనాన్నగారి ఇల్లు. ఆ ఇంటి ముందుగదిలో, గోడ పొడవునా ఒక స్టీరియో సెట్టు ఉండేది. మధ్యలో నల్లటి పెట్టె, దానికి అటూ ఇటూ నడుమెత్తు చెక్క స్పీకర్లు. కుడి స్పీకరు పాడేది. ఎడమది మూగపోయి ఎన్నేళ్లయిందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. మెకానిక్కును పిలుస్తామంటే పెదనాన్న ఒప్పుకునేవారు కాదు.

"1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరిది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల చదువుకున్న చోటు. ఇలాంటి ఊళ్లో శబ్దాన్ని ఎవడో స్క్రూడ్రైవరు పట్టుకొచ్చినవాడి చేతిలో పెడతామా?"

ఈ వాదనకు అడ్డు చెప్పడం కష్టం. నారాయణదాసుగారు రెండు చేతులతో, రెండు కాళ్లతో వేరువేరు తాళాలు వేస్తూ పాడేవారని చెప్పుకునే ఊళ్లో, ఒక స్పీకరు మోగకపోవడం పెద్ద లోటుగా ఎవరికీ తోచలేదు. దాని మీద పెద్దమ్మ ఒక అల్లిక గుడ్డ పరిచి, పూలకుండీ పెట్టింది. పెదనాన్న పూలకుండీ తీయించేశారు. చెక్క పాడవుతుందట.

ఇలా ఉండగా పెదనాన్నకు రక్తపరీక్ష చేయించారు. కొలెస్టరాల్ 248 వచ్చింది. 200 లోపు ఉండాలని, నెయ్యి, వేపుళ్లు, మిఠాయిలు మానెయ్యాలని డాక్టరు చెప్పాడు. డాక్టరు మెత్తగానే చెప్పాడు, అమలు చేసిన మనిషి మాత్రం మెత్తనిది కాదు. మర్నాటి నుంచి నెయ్యి జాడీ అలమారాలోకి, అలమారా తాళంచెవి పెద్దమ్మ బొడ్డులోకి వెళ్లిపోయాయి. కూరలో నూనె చుక్కలు లెక్కపెట్టి వేసేది. పెదనాన్న కిక్కురుమనకుండా తినేవారు. ఇంత సాధువుగా ఉన్నారేమిటని మేమంతా మెచ్చుకున్నాం. పెద్దమ్మ మెచ్చుకోలేదు. ఆమె ఆయనతో కాపురం చేసిన మనిషి.

కొన్నాళ్ల తరవాత మళ్లీ పరీక్ష చేయించారు. 261.

"ఈయన తినేది నేను పెట్టేదే. మరి ఇది ఎక్కడి నుంచి ఊడిపడుతోంది?" అని పెద్దమ్మ నన్ను నిలదీసింది. రక్తంలో తిరిగే కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం ఒంట్లోనే తయారవుతుందని, ముఖ్యంగా కాలేయం చేస్తుందని నాకు తెలిసినది చెప్పాను. పెదనాన్న ఆ మాటను అందిపుచ్చుకున్నారు. "విన్నావా? నా కాలేయం చురుకైనది. అది పనిచేయడం కూడా నా తప్పేనా?"

దసరాకు మనవడు వచ్చాడు. అక్క కొడుకు, విశాఖపట్నంలో ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నాడు. పైడితల్లమ్మ సిరిమాను చూడటానికి వచ్చానంటాడు గానీ, వాడు ఎక్కడికి వచ్చినా అసలు పని మాటల పుట్టుక చెప్పడమే. సిరిమాను కోటకూ గుడికీ మధ్య మూడుసార్లు తిరిగినంతసేపూ వాడు నా చెవి వదల్లేదు. మర్నాడు భోజనాల దగ్గర, పెదనాన్న విస్తట్లో నెయ్యి లేని పప్పును చూసి, "అమ్మమ్మా, కొలెస్టరాల్ అంటే ఏమిటో తెలుసా?" అని మొదలుపెట్టాడు.

"తెలియకేం, మీ తాతయ్య" అంది పెద్దమ్మ.

"కాదు. అది గ్రీకు మాట. ఖోలే అంటే పిత్తం, స్టెరియోస్ అంటే గట్టిది. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో పిత్తాశయపు రాళ్లలో దీన్ని కనిపెట్టారు. 1815లో షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త దానికి కొలెస్టరిన్ అని పేరు పెట్టాడు."

"ఆయన ఎన్నేళ్లు బతికాడురా?" అన్నారు పెదనాన్న ముద్ద ఆపి.

వాడు ఫోనులో చూశాడు. 1786లో పుట్టి 1889లో పోయాడట. నూట రెండేళ్లు.

పెదనాన్న మొహం వెలిగిపోయింది. "జీవితమంతా కొవ్వులతోనే గడిపాడన్నమాట!"

"వాటి మీద పరిశోధన చేశాడు తాతయ్యా. తినలేదు."

పెద్దమ్మ ఇంకో గరిటె పప్పు వేసింది, అదే నెయ్యి లేని పప్పు. అయినా పెదనాన్నకు వాడి విద్య మీద గురి కుదిరింది. ఆ గట్టి మాట నుంచి ఇంకేమేం పుట్టాయని అడిగారు. అడగకుండా ఉంటే కథ ఇంకోలా ఉండేది.

వాడు స్టెరాయిడ్ దగ్గరికి వచ్చాడు. పెదనాన్నకు ఆయాసం ఉంది. గొంతులోకి పీల్చుకునే మందు డాక్టరు రాసిస్తే, అందులో స్టెరాయిడ్ ఉందని తెలిసి ఆయన వద్దన్నారు. "కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నాడు. మన వీరఘట్టం మనిషి, ఈ ఊళ్లో సాము చేసిన మనిషి. ఆయన ఇవి పీల్చాడా?" అన్నది ఆయన ప్రశ్న. రామ్మూర్తిగారు ఏనుగులతో ఉన్న కాలానికి స్టెరాయిడ్ అన్న మాటే పుట్టలేదని, అది 1936లో వచ్చిందని మనవడు చెప్పాడు. కొలెస్టరాల్ అన్న మాట తోక పట్టుకుని దాన్ని తయారు చేశారట. అంతటితో ఆగినా బాగుండేది. "పేరే కాదు అమ్మమ్మా, మన ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్లన్నీ కొలెస్టరాల్ నుంచే వస్తాయి. అది వాటికి తల్లి లాంటిది" అన్నాడు.

పెద్దమ్మ గరిటె కింద పెట్టి బాసింపట్టు వేసుకుంది. ఆమెకు గ్రీకు రాదు గానీ, చీపురుపల్లి నుంచి బొబ్బిలి దాకా మా వాళ్లలో ఏ పెళ్లి కుదరాలన్నా గోత్రాలు చూసేది ఆమే. "ఇంకా ఎవరెవరున్నారు ఆ వంశంలో?" అంది.

"ఇదిగో, స్టీరియో" అంటూ వాడు ముందుగదిలోకి చెయ్యి చూపించాడు. "రెండు కళ్లు ఒకే వస్తువును కాస్త తేడాగా చూస్తాయి కాబట్టే మనకు లోతు తెలుస్తుంది. 1838లో వీట్‌స్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త అది నిరూపించి, రెండు బొమ్మల్ని కలిపి నిండుగా చూపించే పరికరం చేశాడు. దానికి స్టీరియోస్కోప్ అని పేరు. తరవాత చెవుల వంతు వచ్చింది. 1931లో బ్లుమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజినీరు రెండు దారుల్లో శబ్దం పంపే పద్ధతికి పేటెంటు అడిగాడు. శబ్దానికి కూడా గట్టితనం, నిండుదనం వస్తుంది కాబట్టి స్టీరియో. కానీ తాతయ్యా, మీదొక్కటే స్పీకరు మోగుతోంది కదా. దాన్ని స్టీరియో అనకూడదు, మోనో అనాలి."

పెదనాన్న విననట్టు మజ్జిగ పోసుకున్నారు.

"అయితే ఆ సెట్టూ, ఈయన రోగమూ ఒకే గోత్రం" అంది పెద్దమ్మ నిదానంగా. "ఒకటి ముందుగదిలో తిష్ఠ వేసి ఉండగా రెండోది ఒంట్లోంచి ఎలా పోతుంది?"

మనవడు పగలబడి నవ్వాడు. మాటలకు చుట్టరికం ఉంటే వస్తువులకు ఉండనక్కర్లేదని నచ్చజెప్పబోయాడు. "ఇందాక స్టెరాయిడ్లకు తల్లి అన్నది నువ్వే కదరా" అని ఆమె వాడి నోరు మూయించింది. నేను కూడా నవ్వాను. నవ్వని మనిషి పెదనాన్న ఒక్కరే.

"ఆడవాళ్లకు సైన్సు ఎక్కదు" అన్నారు ఆయన, అవసరానికి మించిన గొంతుతో.

వాడికి ఇంకో అవకాశం దొరికింది. "దీన్నే స్టీరియోటైప్ అంటారు తాతయ్యా. అదీ అదే ధాతువు. అక్షరాలు విడివిడిగా పేర్చి అచ్చు వేసే రోజుల్లో, పేర్చిన పేజీ మొత్తానికి మూస తీసి, అందులో లోహం పోసి ఒకే గట్టి పలక చేసేవారు. 18వ శతాబ్దం చివర్లో ఫిర్మిన్ దిదో అనే ఫ్రెంచి ముద్రాపకుడు పెట్టిన పేరది. ఇక ఆ పలకతో ఎన్ని కాపీలైనా తీయొచ్చు. ఒక్క అక్షరం మాత్రం మార్చలేం."

"పెళ్లయిన దగ్గర్నుంచీ నేను చదువుతున్నది ఆ పేజీయే" అంది పెద్దమ్మ.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఆమె కాదు, పెదనాన్న. మోగని స్పీకరు పోతుందంటే ఎవరైనా ఒక మాట అని ఊరుకుంటారు. ఆయన ఆ సాయంత్రమంతా ఎడమ స్పీకరు మహిమను వర్ణించారు. అది శబ్దం చేయకపోయినా గదిలో శబ్దాన్ని సరిదిద్దుతుందట. టేకు చెక్కట. మూడు లాంతర్ల దగ్గరి దుకాణంలో కొన్నదట, ఆ దుకాణం ఇప్పుడు లేదట, కాబట్టి అలాంటిది మళ్లీ దొరకదట. అంతేకాదు, పూలకుండీని మళ్లీ పెట్టుకోమన్నారు. అక్కడ పెద్దమ్మకు అనుమానం గట్టిపడింది.

పొద్దున్నే పాత సామాన్ల బండి వచ్చింది. పెద్దమ్మ వీధిలోకి వెళ్లి దాన్ని గేటు ముందు నిలబెట్టింది. బండివాడు కుడి స్పీకరును ఒంటి చేత్తో ఎత్తి బయటపెట్టాడు. ఎడమదాన్ని ఎత్తబోయి, ఆగి, తువ్వాలు నడుముకు బిగించి, రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇది బరువుగా ఉంది బాబూ."

"అందులో అయస్కాంతం పెద్దది" అన్నారు పెదనాన్న వాలుకుర్చీలోంచి.

వాడు కాస్త వంచాడు. లోపల గలగలమంది.

"అయస్కాంతం గలగలలాడదు కదా బాబూ" అన్నాడు ఎంతో మర్యాదగా.

వెనక చెక్కకు నాలుగు మరలున్నాయి. మిగతా సెట్టంతా దుమ్ము పట్టి ఉంటే ఆ మరలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. బండివాడు జేబులోంచి పరికరం తీయనే లేదు, వేలితో తిప్పితే ఊడి వచ్చాయి. లోపల తీగలూ అయస్కాంతమూ ఏమీ లేవు. పాత పేపరు మడిచి పరిచి ఉంది. దాని తేదీ చూస్తే డాక్టరు నెయ్యి మానమన్న వారానిదే. పేపరు మీద ఒక స్టీలు డబ్బా, నేతిలో వేయించి మిరియాల పొడి చల్లిన పలాస జీడిపప్పు. దాని పక్కన సున్నుండల డబ్బా. ఆ వెనక, కదలకుండా చేతిరుమాలు చుట్టిన అరలీటరు నెయ్యి సీసా. గలగలమన్నది సీసాతో పాటు పెట్టుకున్న చెంచా.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందుగా తేరుకున్నది పెదనాన్నే, అది ఒప్పుకోవాలి.

"జీడిపప్పు చెట్టుకు కాస్తుంది" అన్నారు. "కొలెస్టరాల్ జంతువుల సొత్తు. చెట్లకు ఉండదు. కావాలంటే వాణ్ని అడుగు."

అందరం మనవడి వైపు చూశాం. జీడిపప్పు వరకు తాతయ్య మాట నిజమేనని వాడు ఒప్పుకున్నాడు. "కానీ అది ఈదుతున్న నెయ్యి చెట్టుకు కాయదు తాతయ్యా" అన్నాడు.

"నీ గ్రీకు చాలా గట్టిదిరా" అంది పెద్దమ్మ వాడి తల నిమిరి. "స్టీరియోలోనే ఉందని చెప్పావు, స్టీరియోలోనే దొరికింది." ఇది యాదృచ్ఛికమని, శాస్త్రం ఇలా పనిచేయదని వాడు గేటు దాకా ఆమె వెంట పడి చెప్పాడు. ఆమె వింటేగా! మధ్యాహ్నానికల్లా పక్కింటావిడ వచ్చి, తన కోడలి థైరాయిడ్‌కు ఏ వస్తువు బయటపడేయాలో కనుక్కోమని వాణ్ని అడిగింది. వాడు మర్నాటి బస్సు వదులుకుని ఆ రాత్రి బస్సుకే వెళ్లిపోయాడు.

ఈ గొడవలో బండివాడి సంగతి మరిచాను. డబ్బాలు, సీసా, చెంచా పెద్దమ్మ ఒళ్లో వేసుకుని వంటింట్లోకి వెళ్లాక, వాడు ఖాళీ స్పీకరును తూకం వేసి ధర చెప్పాడు. పోయినదంతా పోయింది, బేరం ఒక్కటీ ఎందుకు పోగొట్టుకోవాలనుకున్నారేమో, పెదనాన్న కుర్చీలోంచి లేచి వచ్చారు.

"ఇందాక రెండు చేతులా ఎత్తావు కదయ్యా. ఆ బరువుకు కట్టు లెక్క."

"ఆ బరువు అమ్మగారు లోపలికి పట్టుకెళ్లిపోయారు బాబూ" అన్నాడు వాడు.