పూజగదిలోని దక్షిణావర్త శంఖం గారికి

శంఖం గారూ, నమస్కారం. ఇక్కడ హాల్లో మేమంతా క్షేమం, మీరు పదడుగుల అవతల ఇత్తడి స్టాండ్ మీద క్షేమంగానే ఉన్నారని ఇప్పుడే తొంగిచూసి వచ్చాను.

శంఖంలో పోస్తేనే తీర్థం అంటారు కదా, నా కడుపుమంట అక్కడే. మా ఫ్లాట్‌లో బోరు నీళ్ళు, చెంబులో ఉన్నంతసేపూ వాటి మొహం ఎవరూ చూడరు, మీలో పోసి వంచిన మరుక్షణం మా అమ్మ కళ్ళకద్దుకుంటుంది. నేను మొత్తుకుంటే వినని మాటే టీవీలో కోటేసుకున్నాయన చెప్తే వింటారే, ఆ బిజినెస్ మొదలెట్టింది మీ వంశమేనని నా అనుమానం.

మీకు ముందు నాన్న రామేశ్వరంలో కొన్న మామూలు శంఖం ఉండేది, కొన కోసింది, ఊదడానికి. గృహప్రవేశం రోజు బుగ్గలు బూరెల్లా ఉబ్బించి ఊదితే గాలి తప్ప ఏం రాలేదు. "బలం కాదు బాబూ, దాన్లో పీక ఉండదు, నీ పెదాలే పీక, బిగించి ప్ర్ర్ అను" అన్నారు పంతులుగారు. అన్నాను. కింద సెల్లార్‌లో ఎవరో బండి రివర్స్ చేస్తున్నారని వాచ్‌మన్ పరిగెత్తాడు. కురుక్షేత్రంలో భీముడికి పౌండ్రం, ధర్మరాజుకి అనంతవిజయం, ఆఖరికి సహదేవుడిక్కూడా మణిపుష్పకం అని పేరుపెట్టిన శంఖం ఉండేది, మా పైఫ్లోర్ వాళ్ళకి బ్లూటూత్ స్పీకర్ ఉంది, శంఖనాదం మధ్యలో లోన్ యాప్ యాడ్ వస్తుంది. ఇక పార్టీలవాళ్ళు పెట్టే ఎన్నికల శంఖారావాల్లో డీజే తప్ప శంఖం నాకైతే కనబడలేదు.

సరే, మీ సంగతి. మన్నార్ సింధుశాఖలో దొరికే అసలు శంఖాలు దాదాపు అన్నీ ఒకేవైపు తిరిగుంటాయి, రెండోవైపు తిరిగింది ఎప్పుడో గానీ చిక్కదు, అందుకే దక్షిణావర్తానికి ఆ రేటు. (మనం దక్షిణావర్తం అనేదాన్నే సైన్సువాళ్ళు ఎడమ చుట్టు అంటారు, పట్టుకుని చూసే పద్ధతిలో తేడా అంతే, ఈ పాయింట్ ఇంట్లో చెప్పి తిట్లు తిన్నాను.) ఇంట్లో ధనం నిలుస్తుందన్నారని 11,116 పెట్టి మిమ్మల్ని తెచ్చాం. ముందుగా నిలవంది ఆ 11,116.

అసలుదైతే నోటిలోపల, మధ్య కాడ మీద మూడు నాలుగు మడతలు ఉండాలట. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ టార్చి వేసి, క్షమించాలి, మీ నోట్లో వేలుపెట్టి తడిమాను. పింగాణీ ప్లేటులా నున్నగా ఉంది. తెల్లారేదాకా నెట్‌లో వెతికితే తేలిందేంటంటే తమరు అమెరికా తీరంలో పుట్టే వేరే జాతి నత్తగారు, లైట్నింగ్ వెల్క్ అంటారట, మీవాళ్ళు పుట్టడమే అటు తిరిగి పుడతారు, అక్కడ అదేం వింత కాదు, టెక్సాస్‌కైతే మీరు రాష్ట్ర గవ్వ! మా పెదనాన్న కొడుకు అదే టెక్సాస్ వెళ్ళడానికి చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా వచ్చాక 108 చేసి మరీ ఫ్లైటెక్కాడు. మీరు ఏ స్టాంపింగూ లేకుండా ఇటొచ్చి సాలగ్రామం పక్కన సెటిలయ్యారు.

కొట్టాయన్ని అడిగా. చెవిటివాడి ముందు శంఖం ఊదితే దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాట్ట, అలా ఉంది ఆయన సమాధానం, అగరొత్తుల మీద డిస్కౌంట్ గురించి చెప్పాడు.

అమ్మకి చెబ్దామనే పొద్దున పూజగదిలోకి వెళ్ళా. తడిచీర కొంగు బిగించి, మీలో నీళ్ళుపోసి తులసాకు వేసి, నన్ను చూడగానే "చెయ్యి పట్టు, ఎడంది కాదురా" అంది. పట్టాను. తాగి, మిగిలిన తడి నెత్తికి రాసుకున్నాను.

ఇట్లు,
రామేశ్వరం శంఖాన్ని అటకెక్కించినవాడు