ఏఐ వేసిన లంచ్‌బాక్స్ మెనూ
ఏఐ ఉంటే పిల్లల బాక్సులో రేపేం పెట్టాలన్న టెన్షనే ఉండదని ఎవరో ఒక పోస్టులో రాశారు. సగమే ఒప్పుకుంటాను. మొదటిసారి అడిగితే అవకాడో, కీన్వా అంటూ లిస్టిచ్చింది, మా వీధి కొట్లో దొరికేవా అవి! ఇంట్లో ఉన్నవి రాగిపిండి, సొరకాయ, గుడ్లు, పెరుగు అని చెప్పాక మాత్రం వారానికి సరిపడా మెనూ చక్కగా వేసింది. ఆదివారం రాత్రి నాకు అరగంట మిగులుతోంది. కానీ మూడేళ్ల మా చిన్నదానికి వేయించిన పల్లీలు పెట్టమంది, వయసు ముందే చెప్పినా సరే. 5 ఏళ్లలోపు పిల్లలకు పల్లీలు గింజల్లా పెడితే గొంతులో అడ్డం పడొచ్చు, పొడి చేసి కలపాలి. మా అత్తయ్య చూసి ఆపారు. మందుల మోతాదు లాంటివైతే ఏఐని అసలు అడగను.